ఎత్తి, దింపి, విని

బయలుదేరే ముందు నేను చెయ్యవలసిన పనులు:

ఒకటి. నాలుగు ఊళ్ళలో నాలుగు బసలకి మళ్ళీ ఫోన్ చేసి, “అవునండీ, ఏడుగురం. అవునండీ, సైకిళ్ళ మీదే. లేదండీ, పందెం కాదు, సరదాకే” అని చెప్పి గదులు ఖాయం చేసుకోవాలి.

రెండు. దారి పుస్తకం అచ్చు వేయించి తేవాలి. నలభై రెండు పేజీలు. నేనే రాశాను. ఏ ఊళ్ళో ఏ బురుజు, ఏ సత్రం, ఎవరు కట్టారు, ఎప్పుడు కూలింది, అన్నీ ఉన్నాయి.

మూడు. టీచరమ్మగారి సైకిలుకి మెత్తటి సీటు వేయించాలి.

నాలుగు. నాలుగో అతిథి సొంత సైకిలు తెచ్చుకుంటున్నారు. దాన్ని మనవాళ్ళెవరూ ముట్టుకోకూడదని అట్ట మీద రాసి వ్యాన్లో తగిలించాలి.

ఐదు. మన మెకానిక్ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మంగళవారంలోగా ఇంకో మెకానిక్‌ని వెతకాలి.

ఆరు. అమ్మకి చెప్పాలి, ఐదు రోజులపాటు నన్ను “మేడమ్” అని పిలవాలని.

ఆరో పని ఐదో పని వల్ల వచ్చింది. నలుగురు మెకానిక్‌లని అడిగాను. ఒకడికి పెళ్ళి, ఒకడికి జ్వరం, ఒకడికి బద్ధకం, నాలుగో ఆయన ఫోనే ఎత్తలేదు. మిగిలింది మా అమ్మ.

మా అమ్మది సైకిల్ రిపేరు షాపు. షాపంటే బస్టాండు పక్కన రేకుల కొట్టు, గోడకి వేలాడే టైర్లు, ఒక నీళ్ళ తొట్టి, ఒక పంపు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోతే, చూసి నేర్చుకున్న పనితో అమ్మే కొట్టు తెరిచింది. ఆ పంక్చర్లతోనే నన్ను డిగ్రీ చదివించింది. అమ్మ వైపు, నాన్న వైపు కలిపి డిగ్రీ గడప తొక్కింది నేనే. ఆ పట్టాకి ప్లాస్టిక్ తొడుగు వేయించి, పానాలు తగిలించే మేకుకే తగిలించింది. వచ్చినవాళ్ళందరికీ గ్రీజు చేత్తోనే చూపిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మా అమ్మకి సైకిలు తొక్కడం రాదు.

తొక్కడం రాని మనిషి సైకిలు బాగైందో లేదో ఎలా చూస్తుందని మీరడగొచ్చు. అందరూ అడుగుతారు. సైకిలుని జానెడు పైకెత్తి, నేలమీదకి వదిలేస్తుంది. పడగానే చెవి పెట్టి వింటుంది. బాగున్న సైకిలు ఒక్కటే చప్పుడు చేస్తుందట, ‘దబ్’ అని. ఆ తర్వాత ఏ చిన్న చప్పుడొచ్చినా ఎక్కడో ఏదో వదులైనట్టు. ఎత్తడం, దింపడం, వినడం. తృప్తి కలిగితే పాత ట్యూబులోంచి కత్తిరించిన ఎర్ర రబ్బరు ఉంగరం ఒకటి సీటు కింద గొట్టానికి తొడుగుతుంది. అది ఆవిడ సంతకం.

నాకప్పటికి సైకిల్ యాత్రలు నడిపే ఒక ఆఫీసులో గైడుగా మూడు నెలల పరీక్ష కాలం పూర్తి కావస్తోంది. ఈ యాత్ర సవ్యంగా జరిగితే సోమవారం నా చేతికి ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తరం వస్తుంది. ఫిర్యాదు వస్తే ఉత్తరం రాదు. అంతే లెక్క. దానికి తోడు ఓనరుగారి రూలొకటి ఉంది: యాత్రలోకి గైడు చుట్టాలెవరూ రాకూడదు. అంతకుముందు గైడొకాయన తన బావమరిదిని వంటకి తెస్తే, ఆ బావమరిది ఉప్పెక్కువైందన్న అతిథితో చెయ్యి చేసుకున్నాడట.

“పనేమిటి?” అంది అమ్మ, నేను విషయం చెప్పగానే.

“ఐదు రోజులు వ్యాన్లో వెనకాలే రావాలి. సైకిళ్ళు పాడైతే బాగుచెయ్యాలి.”

“పాడైతేనా? పాడవకముందు చూడకూడదా?”

“అమ్మా, వాళ్ళు సెలవులకి వస్తున్నారు. విసిగించకూడదు.”

“బాగున్న సైకిలు ఎవర్నీ విసిగించదే.”

“ఇంకో సంగతి. నన్ను మేడమ్ అనాలి.”

అమ్మ పంపు కొట్టడం ఆపింది. “ఎవర్ని?”

“నన్ను.”

“నిన్నా?”

“రూలమ్మా. చుట్టాలని తెలిస్తే ఉద్యోగం పోతుంది. నేను నిన్ను మెకానిక్ గారూ అంటాను.”

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత పంపు అందుకుని, “అలాగే మేడమ్ గారూ. ఆ పానా ఇటు పడెయ్యండి” అంది.

అక్కడే మానేసి ఉండాల్సింది.

అతిథులు నలుగురే. రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకరు. అరవై దాటాయి, అందరికంటే ముందు తొక్కేది ఆవిడే. పళ్ళ డాక్టర్లయిన భార్యాభర్తలు ఒక జంట. నాలుగో ఆయనకి మా వ్యాను డ్రైవరు మొదటి గంటలోనే ‘మీటరు గారు’ అని పేరు పెట్టేశాడు. ఆయన సొంత సైకిలు హ్యాండిల్ మీద చిన్న తెర ఒకటుంది. ఎంత దూరం వచ్చాం, ఎంత ఎత్తెక్కాం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, అంతా అందులో పడుతుంది. ఆయన కొండని చూడడు, కొండ అంకెని చూస్తాడు.

మొదటి రోజు పొద్దున్న ఆఫీసు ముందు అందరూ చేరారు. పళ్ళ డాక్టరుగారు సైకిలుని గడ్డి మీద పడుకోబెట్టి బూటు తాడు కట్టుకుంటున్నారు. నేను దారి పుస్తకం పంచుతూ స్వాగత వాక్యాలు మొదలుపెట్టాను. వ్యాను దగ్గర్నుంచి కేక.

“అయ్యా డాక్టరుగారూ! సైకిలేమన్నా బాలింతా, అలా పడుకోబెట్టారు? స్టాండు లేకపోతే గోడకి ఆనించండి.”

డాక్టరుగారి భార్య పకపకా నవ్వింది. నేను అమ్మ వైపు గుడ్లురిమాను. అమ్మకి వెంటనే తన పాత్ర గుర్తొచ్చినట్టుంది. వినయంగా చేతులు కట్టుకుని, అందరికీ వినపడేలా అంది:

“మేడమ్ గారూ, తమరు పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఆ తల చూసుకోండి, పిచ్చుక గూడులా ఉంది. దువ్వెన ఇవ్వమంటారా?”

డ్రైవరుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. టీచరమ్మగారు కళ్ళజోడు సవరించుకుని ఒకసారి నన్ను, ఒకసారి అమ్మని చూసి సైకిలెక్కారు.

దారి మాత్రం బాగుంది. కాలవ గట్టు మీద సన్నటి మట్టిబాట, ఒక పక్క పొద్దుతిరుగుడు చేలు, ఇంకో పక్క నీళ్ళు. నేను పుస్తకంలో వేసిన లెక్క ప్రకారం పదకొండింటికి మొదటి పాత ఊరి రాతి ద్వారం చేరాలి. చేరాం కూడా. చేరనిది వ్యాను. తాగే నీళ్ళు వ్యాన్లో. గొడుగు వ్యాన్లో. టీచరమ్మగారి చేతి సంచి వ్యాన్లో.

నలభై నిమిషాలకి వ్యాను వచ్చింది.

“ఏమైంది?” అన్నాను పళ్ళు కొరుకుతూ.

“పాలాయన ఎదురయ్యాడు” అంది అమ్మ. “ఆయన సైకిలు కుయ్యోమొర్రో అంటోంది. రెండు బిందెలు మోస్తుంది పాపం. వెనక ఇరుసులో గుండ్లు అరిగిపోయాయి. మార్చా.”

“మెకానిక్ గారూ, మన సైకిళ్ళు ఇవి.”

“ఇవి బాగానే ఉన్నాయి కదండీ మేడమ్.”

ఆ రోజు పాలాయన. ఆ సాయంత్రం ఇటుకల బట్టీ కాపలాదారు. రెండో రోజు ఉత్తరాలిచ్చే ఆయన, మంత్రసాని, బడికి పోయే అక్కాచెల్లెళ్ళు. వ్యాన్లో కూర్చున్న మనిషికి అరమైలు అవతల పోయే సైకిలు మూలుగు ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. నేను పక్కన నిలబడి మూడుసార్లు పిలిస్తే మాత్రం వినపడదు. ప్రతిచోటా వ్యాను ఆగేది. ప్రతిచోటా ఒక ఎర్ర ఉంగరం. ప్రతిచోటా మేము ముందు ఊళ్ళో ఎండలో నాలుకలు వేలాడేసుకుని నిలబడేవాళ్ళం. డ్రైవరుని అడిగితే, “ఆవిడ ఆపమంటే ఆపకపోతే నా చెవి పిండేట్టున్నారు మేడమ్. తల్లి లాంటిది కదా” అని నా మొహంలోకి అమాయకంగా చూసేవాడు.

అసలు కడుపు మండింది మాత్రం మొదటి రోజే, ఆ రాతి ద్వారం దగ్గర. దానికోసం పుస్తకంలో మూడు పేజీలు కేటాయించాను. కమాను మీద చెక్కిన తీగలు, కట్టించిన సుంకం అధికారి, తలుపులు ఎత్తుకుపోయిన సైన్యం. నేను చదివి చెబుతుంటే పళ్ళ డాక్టర్లు మర్యాదగా ఆవలించారు. మీటరు గారు, “మీ పుస్తకంలో ఈ ఊరి ఎత్తు తొమ్మిది మీటర్లు తప్పుంది” అన్నారు. అప్పుడు అమ్మ వచ్చి కమాను కేసి చూడనే లేదు. గడప రాయి మీద గొంతుక్కూర్చుంది. బళ్ళ చక్రాలు తిరిగి తిరిగి ఆ రాతిలో రెండు గాళ్ళు పడ్డాయి. అమ్మ వాటిని బెత్తెతో కొలిచింది.

“ఈ పక్కది లోతెక్కువ” అంది.

“అయితే?” అన్నారు టీచరమ్మగారు, ఆసక్తిగా వంగి.

“బళ్ళన్నీ ఈ పక్కకి ఒరిగి పోయేవి. లోపల మలుపుండాలి, ఎడం చేతికి. బరువుతో తిప్పేవాళ్ళు. అవునా కాదా చూడండి.”

నలుగురూ లోపలికి పరుగెత్తారు. మలుపు ఉంది, ఎడం చేతికే. మీటరు గారు కూడా తన తెర వదిలేసి గాడిలో వేలు పెట్టి చూశారు. ఆ తర్వాత అరగంట అందరూ అమ్మ చుట్టూనే.

“ఆ గోడ ఎవరు కట్టారో మేడమ్ గారు బాగా రాశారు” అంది అమ్మ నన్ను మెచ్చుకుంటున్నాననుకుని. “ఆ రాళ్ళు మోసిన బండి ఇరుసుకి ఆముదం పెట్టినోడెవరో అది రాయలేదు. పోన్లెండి, చిన్నపిల్ల.”

మూడేళ్ళు చరిత్ర చదివినదాన్ని. గాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. కోపం అమ్మ మీదో నా మీదో తెలియక, సైకిలెక్కి ఒక్కదాన్నే కిలోమీటరు ముందుకి పోయాను.

మూడో రోజు మధ్యాహ్నం కాలవ తూము దగ్గర నీడలో భోజనాలు. పళ్ళ డాక్టరుగారి భార్య అమ్మని అడిగింది, “మెకానిక్ గారూ, మీకు అంత పట్టుదల ఎందుకండీ? దారినపోయే ప్రతి సైకిలూ మీదేనా?”

అమ్మ చెయ్యి కడుక్కుని చెప్పింది. కొట్టు తెరిచిన మొదటి ఏడు ఒకాయన తొందరలో వచ్చాడు. బ్రేకు బిగించింది. ఎత్తి దింపితే ‘టిక్’ అంది. “ఇంకేదో ఉందయ్యా, ఉండు” అంటే, “నాకు బస్సు పోతుందమ్మా” అన్నాడు. సరేలెమ్మని ఇచ్చేసింది. వీధి చివర ముందు చక్రం ఊడొచ్చింది.

“అయ్యో, చచ్చిపోయాడా?”

“ఎందుకు చస్తాడు, బతికాడు. పైపళ్ళు నాలుగు పోయాయి. అదే నా ఖర్మ. రోజూ కొట్టు ముందునుంచే పోతాడు. ఒక్క మాట అనడు. ‘బాగున్నావా అమ్మా’ అని ఇంత నోరు తెరిచి నవ్వుతాడు. పన్నెండేళ్ళయింది. తిట్టినా బాగుండేది.”

“పైపళ్ళు నాలుగా? కట్టించుకోవచ్చే” అన్నారు డాక్టరుగారు.

“నేనూ చెప్పా. అలవాటైపోయిందంటాడు.”

నేను ఆ కథ వందసార్లు విన్నాను. కానీ ఆ పూట అమ్మ చెబుతూ చెబుతూ మీటరు గారి సైకిలు వైపు చూడడం గమనించాను. 

బయలుదేరేటప్పుడు అమ్మ నా పక్కకి వచ్చి గుసగుసలాడింది. “ఆయనది టిక్కుమంటోందే.”

“ముట్టుకోవద్దు.”

“నిన్నట్నుంచీ అంటోంది.”

“అమ్మా, అట్ట మీద రాసి పెట్టాను. పెద్ద అక్షరాలతో. ఆయన సైకిలు, ఆయనిష్టం. ఇంక రెండు రోజులే. నీకు దణ్ణం పెడతా.”

“రేపు దిగుడుందన్నావు?”

“ఉంది. అయినా సరే.”

నాలుగో రోజు పొద్దున్న మేమున్నది కొండ మీది పాత ఊళ్ళో. పూర్వం కాపలావాళ్ళు దూరం నుంచి వచ్చేవాళ్ళని చూసేందుకు కట్టిన బురుజొకటి అక్కడుంది. అక్కణ్ణుంచి కిందికి ఆరు కిలోమీటర్ల దిగుడు, పదకొండు మలుపులు. అందరూ బురుజెక్కి ఫోటోలు తీసుకుని కిందికొచ్చారు. మీటరు గారు తన సైకిలు దగ్గరికి వెళ్ళి అలాగే నిలబడిపోయారు.

“నా ముందు చక్రం ఏది?”

సైకిలు గోడకి ఆనించి ఉంది. ముందు చక్రం లేదు.

నేను వ్యాను వైపు పరుగెత్తాను. అద్దాలెత్తి, తలుపులు లోపల్నుంచి వేసుకుని, అమ్మ వెనక సీట్లో కూర్చుంది. ఒళ్ళో చక్రం. పసిబిడ్డని పొదువుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. డ్రైవరు బయట నిలబడి గడ్డిపోచ కొరుకుతున్నాడు.

“నన్నడక్కండి మేడమ్. నేను డ్రైవర్ని.”

“మెకానిక్ గారూ, తలుపు తియ్యండి” అన్నాను అద్దం మీద కొడుతూ. “చక్రం ఇచ్చెయ్యండి. ఇది పద్ధతి కాదు.”

అమ్మ అద్దం నాలుగు వేళ్ళు దించింది. “టిక్కుమంటోంది. చూసి ఇస్తా.”

“ఆయన చూడొద్దన్నారు!”

“చదువుకున్నదానివి, నీకు వినపడట్లేదా?”

మేడమ్ లేదు, తమరు లేదు. వెనక నలుగురూ నిలబడి ఉన్నారు.  “మెకానిక్ గారూ, మీ పని మీరు చూసుకోండి” అన్నాను.

“నా పనే చూసుకుంటున్నా” అంది అమ్మ.

మీటరు గారు చెడ్డమనిషి కాదు. ఆయనకి కోపం వచ్చినా దానికీ ఒక అంకె కావాలి. వాచీ చూసుకుని అన్నారు, “పదిహేను నిమిషాలు ఇస్తున్నా. చూడండి. లోపం ఉంటే క్షమాపణ నేను చెబుతాను. లేకపోతే మీ ఓనరుకి ఫోన్ చేస్తాను.”

అమ్మ దిగింది. తువ్వాలు పరిచింది. పదిహేను నిమిషాలు నలభై అయ్యాయి. ముందు ఇరుసు విప్పింది. బాగుంది. హ్యాండిల్ మెడ విప్పింది. బాగుంది. పెడళ్ళు, చెయిన్, బ్రేకు తీగలు, చక్రం పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూసింది. అన్నీ బాగున్నాయి. తిరిగి బిగించింది. జానెడు ఎత్తి వదిలింది.

దబ్. టిక్.

మళ్ళీ ఎత్తింది. దబ్. టిక్. అమ్మ నుదుటి మీద చెమట. అంత అయోమయంగా ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు టీచరమ్మగారు ముందుకొచ్చి, సీటు వెనక వేలాడే అరచేతంత సంచీ జిప్పు లాగారు. లోపల పంక్చరు అతుకుల రేకు డబ్బా ఒకటి. దానికి ఆనుకుని ఒక ఇంటి తాళంచెవి. తాళంచెవి తీసి పక్కన పెట్టారు. “ఇప్పుడు ఎత్తండి.”

దబ్. అంతే.

 అమ్మ తాళంచెవిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “తప్పు విన్నానండీ” అంది మీటరు గారితో. “తాళంచెవే. క్షమించండి.” మళ్ళీ వెంటనే, “ఇప్పుడు వెళ్ళొచ్చు మీరు, బేషుగ్గా ఉంది” అని ఎర్ర ఉంగరం తొడగబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

మీటరు గారు అన్నమాట ప్రకారం ఓనరుగారికి ఫోన్ చేశారు. ఏదీ పెంచి చెప్పలేదు, తగ్గించి చెప్పలేదు. నలభై నిమిషాలు, ఒక తాళంచెవి. తర్వాత ఫోన్ నా చేతికిచ్చారు. స్పీకరు వేసే ఉంది. నేను కట్టేసే లోపలే ఓనరుగారి గొంతు బురుజు దాకా మోగింది.

“చూడమ్మా, నీమీద ఆయనకేం ఫిర్యాదు లేదు. నువ్వు వద్దన్నావట, మంచిది. కింద ఊళ్ళో బస్సుంటుంది. ఆ మనిషిని ఎక్కించి పంపెయ్. మిగిలిన రోజున్నర ఎలాగో లాక్కురా. సోమవారం వచ్చి నీ ఉత్తరం తీసుకో.”

అమ్మ వింటూనే ఉంది. వింటూనే పానాలు ఒక్కొక్కటీ తుడిచి సంచిలో సర్దుతోంది. పెద్దది, చిన్నది, దాని చోట్లో అది. నన్ను చూసి, ‘ఊ అను’ అన్నట్టు గడ్డం ఎగరేసింది. ఆవిడ బస్సెక్కడానికి సిద్ధమైపోయింది.

నాకు ఆ నిమిషాన అమ్మ మీద జాలి కలగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసింది, నన్ను నలుగురిలో నిలబెట్టింది, ఇప్పుడు త్యాగం కూడా తనే చేసేస్తానంటోంది.

“పంపలేనండీ” అన్నాను.

“ఎందుకట?”

“ఆవిడ మా అమ్మండీ.”

 డ్రైవరు నోట్లో గడ్డిపోచ ఉమ్మేసి, “హమ్మయ్య” అన్నాడు. పళ్ళ డాక్టర్లు ఒకరినొకరు చూసుకుని తలలూపారు. టీచరమ్మగారు, “పిచ్చుక గూడు అన్నప్పుడే తెలిసిందిలే” అన్నారు. మీటరు గారొక్కరే అందరి మొహాలూ చూసి, “అమ్మా? ఎవరికి?” అన్నారు.

“రూలు తెలుసు కదా” అంది ఫోను.

“తెలుసండీ.”

“యాత్ర పూర్తి చేసి సైకిళ్ళు అప్పజెప్పు. సోమవారం రానక్కర్లేదు.”

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. అమ్మ విసురుగా వచ్చి నా జబ్బ పట్టుకుంది.

“బుద్ధుందా నీకు? ఎందుకు చెప్పావు? నేను బస్సెక్కి పోయేదాన్ని కదా. ఉత్తరం వచ్చేది.”

“నువ్వు చక్రం ఎందుకు తీశావు?”

“టిక్కుమంది.”

“తాళంచెవి, అమ్మా! తాళంచెవి!”

“అది విప్పి చూస్తేగాని తెలుస్తుందా? విప్పకముందే తాళంచెవని నీ పుస్తకంలో రాసుందా?”

  హెల్మెట్ పెట్టుకుని, “అందరూ నా వెనకే, మలుపుకి ముందే బ్రేకు, మలుపులో కాదు” అని చెప్పి దిగడం మొదలుపెట్టాను. పదకొండు మలుపులు. మీటరు గారు నా వెనకే వచ్చారు. ఏమీ జరగలేదు. ఒక చోట రోడ్డు మీద కంకరుంటే నెమ్మదిగా దాటాం. కింద ఊరి నూతి దగ్గర ఆగి నీళ్ళు తాగుతుంటే, వ్యాను ఆ ఒక్కసారీ ఎక్కడా ఆగకుండా మా వెనకే వచ్చేసింది.

చివరి రోజు ఇంకా దారుణం. రూలు పోయింది కాబట్టి అమ్మకి పగ్గాల్లేవు. ఊరూరా కిటికీలోంచి, “చిట్టీ! నీళ్ళు తాగావా? చిట్టీ! ఆ బిళ్ళ వేసుకున్నావా?” అని కేకలు. టీచరమ్మగారు నా సైకిలు మీద అమ్మని ఎక్కించి సీటు పట్టుకున్నారు. అమ్మ పది గజాలు తొక్కి కంచెలో పడింది. లేచి చీర దులుపుకుంటూ, “ఇదేం సీటు, కత్తిపీట మీద కూర్చున్నట్టుంది. ఇన్ని రోజులు దీని మీదెలా కూర్చున్నారమ్మా మీరంతా?” అంది. అంత సేపు నవ్వింది నేను ఆ ఐదు రోజుల్లో అదొక్కసారే. నవ్వాక మళ్ళీ ఉద్యోగం గుర్తొచ్చింది.

సోమవారం నేను వెళ్ళలేదు. నెలన్నర తర్వాత పాత దస్తావేజులు భద్రపరిచే ఆఫీసులో పని దొరికింది. కూర్చుని చేసే పని. దారి పుస్తకాన్ని మళ్ళీ రాస్తున్నాను, ఎవరూ అడక్కపోయినా. గడప గాళ్ళకి ఒక పేజీ ఇచ్చాను. ఎత్తు తొమ్మిది మీటర్లు సరిచేశాను.

పోయిన వారం మీటరు గారి దగ్గర్నుంచి నా ఫోనుకి ఒక శబ్దం వచ్చింది. కింద ఒక్క వాక్యం: “మీ అమ్మగారికి వినిపించండి.” దబ్, టిక్. దబ్, టిక్. కొట్టుకి వెళ్ళి వినిపించాను. అమ్మ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విని, “తాళంచెవి తీశాడో లేదో ముందది అడుగు” అంది. అడిగాను. తీశారట. “అయితే తొక్కొద్దను. వచ్చి చూపించమను” అంది. ఆయన ఊరు ఇక్కడికి మూడు గంటల రైలు. ఆదివారం సైకిలుతో సహా వస్తున్నారు.

నాకు అమ్మ మీద కోపం పూర్తిగా పోలేదు. ఇది రాస్తున్నానని చెబితే, “నా గురించి రాసేదేముంది, ఆ పాలాయన బిందెల గురించి రాయి” అంది. రాశాను. మీదొక సాయం కావాలి. మీరెప్పుడైనా ఆ కాలవ గట్టు మీదుగా ఆ పాత ఊళ్ళకి వెళ్తే, అక్కడ ఏ గోడకైనా ఆనించిన సైకిలు సీటు కింద ఎర్ర రబ్బరు ఉంగరం కనిపిస్తే, దాని ఆసామిని అడిగి ఒకసారి జానెడు ఎత్తి వదలండి. ఒక్కటే చప్పుడు వస్తే మా అమ్మని తలుచుకోండి. రెండో చప్పుడు వచ్చినా తలుచుకోండి. కానీ అప్పుడు మాత్రం, ఎంత తొందరున్నా, ఆ సైకిలు ఎవర్నీ ఎక్కనివ్వకండి.